రోడ్డుకు అవతలి ఏడుగురు

బంగారుపాళ్యం,
జూలై 14

అన్నకు,

ఫోన్లో అయితే మనిద్దరం కొట్లాడుకుంటాం కాబట్టి ఇకమీదట ఉత్తరాలు రాసుకోమని గ్రేసీ వదిన పెట్టిన ఆజ్ఞ ప్రకారం ఇది రాస్తున్నాను. కోపం వచ్చినప్పుడు కాగితమైతే మడిచి పక్కన పెట్టొచ్చని ఆమె అన్న మాట నిజమే. దీన్ని ఇప్పటికి రెండుసార్లు మడిచాను.

ఈ ఊరికి బదిలీ అయి వచ్చి నెల దాటింది. బడి హైవేని ఆనుకునే ఉంది. నేను లెక్కల క్లాసు చెబుతుంటే మద్రాసు పోయే లారీల మోతలో సగం మాట నాకే వినపడదు. మామిడికాయల కాలం ఇంకా పూర్తి కాలేదు. గుజ్జు ఫ్యాక్టరీల పులిసిన వాసనకు మధ్యాహ్నం పూట పిల్లలకూ నాకూ ఒకేసారి కళ్ళు మూతలు పడతాయి. తొమ్మిదో తరగతి గదిలో బెంచీకి ఐదుగురు కూర్చుంటున్నారు.

ఈ సంవత్సరం నుంచి లెక్కలూ సైన్సూ ప్రాజెక్టుల ద్వారానే చెప్పాలని ఉత్తర్వు వచ్చింది. వెనకాలే టీచర్ల పుస్తకమూ వచ్చింది. తిరుపతి శిక్షణ ఆఫీసులో కూర్చుని దాన్ని రాసినవాడు నా సొంత అన్న అని స్టాఫ్ రూములో నేను ఇంతవరకూ చెప్పలేదు. చెబితే నాకు టీ కూడా పొయ్యరు. 'ప్రాజెక్టు పాఠానికి తోక కాకూడదు, వెన్నెముక కావాలి' అని మొదటి పేజీలోనే రాశావు. చదవడానికి బాగుంది. సిలబస్ ఒక్క పేజీ తగ్గలేదు, పరీక్ష పేపరు మారలేదు, ప్రాజెక్టు ఫోటోలు మాత్రం శనివారం సాయంత్రానికల్లా యాప్‌లో ఎక్కాలి. ఈ వెన్నెముక ఎవరి వీపులో పెట్టాలో కూడా రాసి ఉంటే బాగుండేది.

నిన్న ఎప్పటిలాగే రైలు ప్లాట్‌ఫారం దాటే లెక్క చేయిస్తున్నాను. లోహిత అనే పిల్ల లేచింది. "మేడమ్, మేము రైలు ఎక్కిందే లేదు. దినామూ రోడ్డు దాటి వస్తాము. లారీ ఎంత స్పీడులో వస్తాదో లెక్కేసేకి అయితాదా?" అని అడిగింది. ఆ పిల్లది రాళ్ళకుప్పం, రోడ్డుకు అవతల. ఆ పల్లె నుంచి నా క్లాసుకు ఏడుగురు ఆడపిల్లలు వస్తారు. పొద్దునా సాయంత్రమూ ఆరు వరసల రోడ్డును కాళ్ళతో దాటాలి. చూద్దాంలే అని కూర్చోబెట్టాను. చూసే ఓపిక మాత్రం నాకు లేదు.

కోమలి


తిరుపతి,
ఆగస్టు 2

కోమలీ,

నువ్వు తిట్టిన భాగం వదినకు చదివి వినిపించాను. చాలాసేపు నవ్వింది. లోహిత అడిగిన భాగాన్ని నాకోసం నేనే మళ్ళీ మళ్ళీ చదువుకున్నాను.

నేను పుస్తకంలో రాసిన ప్రాజెక్టులన్నీ ఈ కుర్చీలో కూర్చుని ఊహించినవే. ఆ పిల్ల అడిగింది ఊహించింది కాదు. దాన్ని వదిలిపెట్టొద్దు. చెయ్యి. రోడ్డు వారగా రెండు గుర్తులు పెట్టండి. వాటి మధ్య దూరం టేపుతో కొలవండి. బండి ఒక గుర్తు నుంచి రెండో గుర్తు దాకా రావడానికి పట్టే కాలం ఫోన్లో చూడండి. పిల్లలెవరూ రెయిలింగు దాటి రోడ్డెక్కకూడదు. పక్కన ఇద్దరు పెద్దవాళ్ళను పెట్టుకో. జవాబు నువ్వు ముందే చెప్పెయ్యకు. నీకు ఆ అలవాటుంది, చిన్నప్పుడు నా పొడుపుకథలన్నీ అలాగే పాడుచేశావు.

నీ అలసట నాకు తెలియదనుకోకు. నేను క్లాసు వదిలి వచ్చి ఎనిమిదేళ్ళవుతోంది. ఇక్కడ రోజంతా పిల్లల గురించే మాట్లాడతాం. పిల్లవాడి మొహం మాత్రం ఒక్కటీ కనపడదు. సాయంత్రం ఇంటికి వెళ్ళాక దేనికి అలసిపోయానో చెప్పలేకపోతాను.

మా పెద్ద సారు పుస్తకం రెండో భాగం కోసం నిజమైన ఉదాహరణలు అడుగుతున్నారు. నీ ప్రాజెక్టు పూర్తయితే రాసి పంపు.

సుకుమార్


బంగారుపాళ్యం,
సెప్టెంబరు 21

అన్నా,

ఇన్నేళ్ళలో మొదటిసారి బెల్లు కొట్టినా పిల్లలు కదల్లేదు. అందుకే ఇది ఆలస్యంగా రాస్తున్నాను.

నువ్వు చెప్పినట్టే చేశాం. సున్నంతో రెండు గుర్తులు వేశాం. వ్యాయామం సారూ నేనూ కాపలా. పిల్లలు గుంపులుగా పంచుకుని లారీలు, బస్సులు, కార్లు, మోటారు సైకిళ్ళు వేటికవి చూశారు. వేగం లెక్క వేయడం రెండు రోజుల్లో అందరికీ వచ్చేసింది. బడి తెరిచినప్పటి నుంచీ ఆ లెక్క ముందు నోరు తెరవని మునికుమార్, బోర్డు దగ్గరికి వచ్చి అందరికీ చెప్పాడు.

నేను అక్కడితో ఆపేద్దామనుకున్నాను. లోహిత ఊరుకోలేదు. స్పీడు తెలిసింది సరే, మేము దాటే టయానికి దారి ఉండాదా లేదా అంది. దాంతో బడి ఆవరణలోనే రోడ్డంత వెడల్పు గీసి, పుస్తకాల సంచులు భుజాన వేసుకుని నడిచి చూసుకున్నారు. మగపిల్లలు పరుగెత్తి దాటేశారు. ఆడపిల్లలు చిన్న క్లాసుల పిల్లల చేతులు పట్టుకుని దాటేది కాబట్టి అలాగే నడిచి చూశారు. తర్వాత పొద్దున బడి వేళకు రోడ్డు మీద బండికీ బండికీ మధ్య దొరికే ఎడం చూశారు. దాటడానికి కావలసినదాంట్లో సగం కూడా దొరకడం లేదు. మధ్యలో డివైడరు మీద నిలబడితే వెనక నుంచీ ముందు నుంచీ లారీలు పోతుంటాయి. అంటే ఇన్నేళ్ళూ వాళ్ళను దాటిస్తున్నది బ్రేకు వేసే డ్రైవర్ల దయ మాత్రమే. ఆ మాట లోహితే అంది. నేను చెప్పలేదు, నీ పొడుపుకథల మీద ఒట్టు.

వచ్చే వారం తల్లిదండ్రుల సమావేశంలో చార్టు పెట్టి ఆ పిల్లే వివరిస్తుంది. అలసిపోయే ఉన్నాను. అయినా దానికి ఎందుకో విసుక్కోవడం లేదు.

కోమలి


తిరుపతి,
అక్టోబరు 10

కోమలీ,

నీ ఉత్తరం పట్టుకుని నేరుగా పెద్ద సారు గదిలోకి పోయాను. ఆయన నిలబడి చదివారు. నెలాఖరులో ఇక్కడ జరిగే టీచర్ల సదస్సులో మొదటి ప్రాజెక్టుగా దీన్నే పెట్టమన్నారు. లోహితను తీసుకుని నువ్వు రావాలి. రెండు రోజులు మా ఇంట్లోనే ఉండండి. ఆ పిల్ల రైలు ఎక్కలేదన్నావు కదా, వదిన పాకాల దాకా వచ్చి మిమ్మల్ని రైల్లో తీసుకొస్తానంటోంది.

తల్లిదండ్రుల సమావేశం ఎలా జరిగిందో రాయనే లేదు. పుస్తకం కోసం ఆ భాగం కూడా కావాలి. పిల్లలు నేర్చుకున్నది పెద్దవాళ్ళకు వినిపించడం చాలా ముఖ్యమని నేను మూడో అధ్యాయంలో రాశాను.

సుకుమార్


బంగారుపాళ్యం,
అక్టోబరు 18

అన్నకు,

చార్టు, ఫోటోలు రిజిస్టరు పోస్టులో పంపుతున్నాను. సదస్సుకు నేను రాలేను. లోహితకు కుదరదు. సమావేశం జరిగింది. వదినకు శ్రమ వద్దని చెప్పు.

కోమలి


తిరుపతి,
నవంబరు 3

కోమలీ,

నువ్వు రాకపోతే నేనే చార్టు పట్టుకుని నిలబడ్డాను. అందరూ లేచి చప్పట్లు కొట్టారు. పుస్తకం రెండో భాగంలో మొదటి పాఠం ఇదే కావాలని పెద్ద సారు అక్కడే ప్రకటించారు. నా ఉద్యోగంలో ఇంత మంచి రోజు మరొకటి లేదు. ఇంటికి వచ్చేసరికి మాత్రం మనసు బాగాలేదు.

నీ ఉత్తరం ఐదు వాక్యాలు. చిన్నప్పుడు నాయన కొట్టినప్పుడు కూడా నువ్వు ఇంతకన్నా ఎక్కువే మాట్లాడేదానివి. నేను నీ పనికి పేరు తెచ్చుకుంటున్నానని కోపమా? అలా అయితే పుస్తకంలో నీ పేరే వేస్తాను, నాది తీసేస్తాను. వదిన మాత్రం అది కాదంటోంది. ఏదో జరిగింది, అడుగు అంటోంది. అడుగుతున్నాను.

సుకుమార్


బంగారుపాళ్యం,
నవంబరు 12

అన్నా,

వదిన చెప్పిందే నిజం.

సమావేశంలో లోహిత చాలా బాగా చెప్పింది. మొదట పెద్దలు చప్పట్లు కొట్టారు. ఆ తర్వాత రాళ్ళకుప్పం వాళ్ళు కూర్చున్న వైపు మెల్లగా మాటలు ఆగిపోయాయి. చార్టు మీద ఉన్నది తమ పిల్లల గురించేనని అప్పటికి వాళ్ళకు అర్థమైంది. మరుసటి రోజు ఆ పల్లె ఆడపిల్లల్లో ఒక్కరూ బడికి రాలేదు. దసరా సెలవుల తర్వాతా రాలేదు. మగపిల్లలు ఎప్పటిలాగే వస్తున్నారు. లారీలు వాళ్ళకు దారి ఇస్తాయి కాబోలు.

నువ్వు లోహితను రైల్లో తీసుకురమ్మని రాసేనాటికి ఆ పిల్ల ఇంట్లో గిన్నెలు తోముతోంది. ఆ సంగతి నీకు ఎలా రాయాలో తెలియలేదు. నీ సదస్సు పాడవుతుందని కాదు. రాస్తే అది నిజమైపోతుందనిపించింది.

ఆ పల్లెకు పోయాను. లోహిత నాయన దేవరాజులు గుజ్జు ఫ్యాక్టరీలో లోడింగు పని చేస్తాడు. మంచివాడు. నన్ను మంచం మీద కూర్చోబెట్టి తను నిలబడ్డాడు. పిల్ల చదువు ఆపొద్దు, బాగా చదువుతుంది అని నేను చెప్పవలసినవన్నీ చెప్పాను. ఆయన అంతా విన్నాడు.

"ఇన్నాళ్ళూ దేవుని మీద బారమేసి పంపిస్తా ఉంటిమి మేడమ్. ఇప్పుడు లెక్క తెలిసిపోయినాది. తెలిసినాంక ఎట్ల పంపేది? నీ కూతురైతే పంపిస్తావా?" అన్నాడు.

టీ తాగి వచ్చేశాను. నేను కూడా ఆ రోడ్డు దాటే బడికి రావాలి కదా. డివైడరు మీద చాలాసేపు నిలబడిపోయాను. అంతకుముందు ఎన్నిసార్లు దాటానో. ఆ రోజు మాత్రం లారీకీ లారీకీ మధ్య ఎడం లెక్కపెట్టుకుంటూ ఉన్నాను.

హెడ్మాస్టరు శేషసాయి సారు నన్ను తప్పు పట్టలేదు. "ఇంక ఈ సంవత్సరం ప్రాజెక్టుకు చెట్ల పేర్లు రాయించమ్మా, చాలు" అన్నారు, అంతే. ఆయనా అలసిపోయిన మనిషే.

పిల్లలు నేర్చుకున్నది పెద్దవాళ్ళకు వినిపించాలని మూడో అధ్యాయంలో రాశావు. విన్నవాళ్ళు ఏం చేస్తారో ఏ అధ్యాయంలో ఉంది? నాకు కోపం లేదన్నా. కోపానికి కూడా కొంచెం ఓపిక ఉండాలి. దయచేసి దీన్ని అచ్చు వెయ్యకు.

కోమలి


తిరుపతి,
డిసెంబరు 6

కోమలీ,

నేను చప్పట్లు కొట్టించుకున్న రోజున ఆ పిల్లలు ఇంట్లో ఉన్నారు. దాని గురించి ఇంకేమీ రాయలేను.

పెద్ద సారుకు నీ ఉత్తరం చూపించాను. ఆయన చెడ్డ మనిషి కాదు. చదివి కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. తర్వాత, పిల్లలు నేర్చుకున్నారా లేదా అన్నదే మన పని సుకుమార్, బడికి వస్తున్నారా లేదా అన్నది వేరే సెక్షను చూసుకుంటుంది అన్నారు. సమావేశం దాకా రాసి అక్కడ ఆపితే మంచి పాఠమవుతుందని ఆయన ఉద్దేశం. నేను మొత్తం రాస్తాను, దేవరాజులు మాటతో సహా అన్నాను. అలాంటి పుస్తకం చదివి ఏ టీచరైనా ప్రాజెక్టు మొదలుపెడతాడా అని అడిగారు. ఆయన అడిగింది తప్పు కాదు. నేను మెట్లు దిగి వచ్చేశాను.

రోడ్డు పైన నడక వంతెన కోసం అర్జీ రాసి, మీ చార్టు నకలు జతచేసి హైవే ఆఫీసులో ఇచ్చాను. తీసుకున్నారు. అలాంటి అర్జీలు చాలా ఉన్నాయని, వంతు రావాలని చెప్పారు. వంతు వచ్చేసరికి లోహితకు పిల్లలు పుడతారేమో.

నువ్వు బదిలీ పెట్టుకుంటావా? నేను ఒప్పుకుంటాను, ఎవరితోనైనా మాట్లాడతాను. ఒక్క సంగతి మాత్రం చెప్పు. ఆ పిల్లల్ని మళ్ళీ చూశావా?

అన్న


బంగారుపాళ్యం,
ఫిబ్రవరి 9

అన్నా,

చూశాను. ఆదివారాలు పోతున్నాను. నీకు చెప్పలేదు. అది గొప్ప పని అని ఉత్తరంలో రాస్తావని భయం. గొప్పేమీ లేదు. ఆదివారం పోకపోతే సోమవారం ఆ ఖాళీ బెంచీ వైపు చూడలేకపోతున్నాను.

దేవరాజులు వసారాలో ఏడుగురినీ కూర్చోబెట్టి వారం పాఠాలు చెబుతాను. ఒకరోజు ప్రాజెక్టు మాట వచ్చింది. అది అయిపోయిందిలే, వదిలెయ్యండి అన్నాను. లోహిత తల ఎత్తకుండానే అంది: "యాడ అయిపోయినాది మేడమ్? దాటలేమని కనుక్కున్నాం. ఎట్ల దాటాలో కనుక్కోలేదే."

మిగతా పిల్లలు అప్పటికే మాట్లాడుకుని ఉన్నారు. రాళ్ళకుప్పం పక్క నుంచి వాననీళ్ళు పారే వంక ఒకటి హైవే కింద కల్వర్టులో దూరి ఇవతలికి వస్తుంది. ఏడాదిలో ఎక్కువ రోజులు ఎండే ఉంటుంది. లోపలంతా ఒండ్రు, మామిడి టెంకలు, సీసాలు పేరుకుని ఎవరూ అటు పోవడం మానేశారు. నన్ను అక్కడికి తీసుకుపోయారు. ప్రశాంతి అనే పిల్ల వెదురుకట్టెకు గుర్తులు పెట్టి తెచ్చింది. నెమ్మదస్తురాలు, క్లాసులో నేను ఆ పిల్ల గొంతు సరిగా వినలేదు. ఒండ్రు తీసేస్తే మనిషి నిలువుగా నడవొచ్చని తనే లెక్క చెప్పింది. గోడ మీద నీళ్ళ చారలు చూపించి, వానలు పడినప్పుడు మాత్రం ఇది మన దారి కాదు అని కూడా చెప్పింది.

ఈసారి చార్టు వెయ్యలేదు. నాయనలను చేయి పట్టుకుని తీసుకొచ్చి చూపించారు. ఆడవాళ్ళు పాములంటే భయపడ్డారు. సున్నం కొట్టి, దీపం పెడతామని పిల్లలు అన్నారు. చాలా రోజులు ఎటూ తేలలేదు. చివరికి దేవరాజులు తన మేస్త్రీని అడిగి ఫ్యాక్టరీ జేసీబీ ఒక పూటకు తెచ్చాడు. అది చేరలేని చోట పారలతో మేమే తీశాం. నా అరచేతుల బొబ్బలు చూసి శేషసాయి సారు చాక్‌పీస్ ఎలా పట్టుకుంటావమ్మా అన్నారు. మరుసటి రోజు ఆయనే సున్నం బస్తా పంపించారు.

సోమవారం పొద్దున దేవరాజులు ముందు నడిచాడు, వెనక పిల్లలు. ఇవతల నేను నిలబడి ఉన్నాను. తల మీద లారీలు పోతుంటే కింద వాళ్ళ మాటలు దగ్గరికొస్తున్నట్టు వినపడ్డాయి. ఐదుగురు బయటికి వచ్చారు.

ఏడుగురు కాదన్నా. నిస్సీని వాళ్ళమ్మ పాకాలలో హాస్టల్లో చేర్పించింది, అది మేలే. ప్రశాంతిని పని జరుగుతుండగానే రేణిగుంటకు పంపించేశారు. వాళ్ళ పిన్ని అక్కడ ఫ్యాక్టరీ పనికి పోతుంది, పసిబిడ్డను చూసుకునే మనిషి కావాలట. కట్టెకు గుర్తులు పెట్టిన పిల్ల ఆ దారిన ఒక్కసారీ నడవలేదు. హాజరు పిలిచేటప్పుడు ఇంకా పేరు పిలుస్తున్నాను. ఎవరూ పలకరు. తర్వాతి పేరుకు పోతాను.

నాకు బదిలీ వద్దు. కావాలనిపించే ఓపిక కూడా లేదు, అంతే.

కోమలి


పాకాల,
జూన్ 22

కోమలీ,

పుస్తకం రెండో భాగం వచ్చింది. మన పాఠం అందులో లేదు. సగం వేస్తానంటే నేను ఒప్పుకోలేదు, మొత్తం వేయడానికి వాళ్ళు ఒప్పుకోలేదు. గొడవేమీ జరగలేదు. డెప్యుటేషను ముగిసిందని కాగితం ఇచ్చారు. బడికి పోతానని నేను కూడా అడిగి ఉన్నాను కాబట్టి ఎవరు ఎవరిని పంపించారో తెలియదు. పాకాల దగ్గర హైస్కూలు. మొదటి రోజు ఎనిమిదో తరగతిలో నిలబడితే నేను రాసిన పుస్తకంలోని ఒక్క మాటా గుర్తు రాలేదు. పిల్లలు గోల చేశారు. గొంతు పోయింది. వదిన మిరియాల కషాయం ఇస్తోంది.

చేరేముందు రేణిగుంట పోయాను. ప్రశాంతి పిన్ని ఇల్లు వెతికి పట్టుకున్నాను. ఆ పిల్ల చంకలో బిడ్డతో తలుపు తీసింది. నేను ఎవరి అన్ననో చెప్పాక లోపలికి రమ్మంది. పిన్ని పని నుంచి వచ్చేదాకా కూర్చున్నాను. అక్కడి బడిలో పదో తరగతిలో చేర్చమని, బిడ్డను పగలు అంగన్‌వాడీలో పెట్టొచ్చని చెప్పాను. "సూస్తాము సార్" అంది పిన్ని. వచ్చే ఆదివారం మళ్ళీ పోతాను. ఆ తర్వాతి ఆదివారం కూడా.

నేను లేచి చెప్పులు వేసుకుంటుంటే ప్రశాంతి బిడ్డను ఎత్తుకుని గడప దాకా వచ్చింది. ఎప్పటి నుంచో అడగాలని ఉన్నట్టు అడిగింది. "సార్, వంకలో నీళ్ళొచ్చిన దినం వాళ్ళు ఏం చేస్తా ఉండారు?"

నాకు తెలియదని చెప్పాను. నీకు తెలిస్తే రాయి. చెబుతానని మాట ఇచ్చాను.

అన్న


బంగారుపాళ్యం,
జూలై 8

అన్నా,

మొన్నటిదాకా నాకూ తెలియదు.

మంగళవారం గట్టి వాన పడింది. తెల్లారేసరికి వంక కల్వర్టు నిండా పారుతోంది. ఐదుగురూ రాలేదు. వాళ్ళ ఇళ్ళవాళ్ళు రోడ్డు మీదికి పంపలేదు, నేనూ పంపమని అడగను. పదో తరగతిలో ఒక రోజు పోయినా శేషసాయి సారుకు నిద్ర పట్టదు. కాబట్టి ఉన్నవాళ్ళకు కొత్త పాఠం మొదలుపెడదామని బోర్డు మీద పేరు రాశాను.

మునికుమార్ లేచి నిలబడ్డాడు. వాడిది ఈ పక్క ఊరే, వంకతో వాడికేమీ పని లేదు.

"వంక పారతా ఉండాది మేడమ్. ఈ దినం కొత్త పాఠం వద్దు. వాళ్ళొచ్చినాంక మొదలుపెడదాము" అన్నాడు.

నేను మిగతా పిల్లల వైపు చూశాను. ఎవరూ పుస్తకం తెరవలేదు. వాళ్ళు ముందే అనుకుని వచ్చారు. వరండాలో పోతున్న శేషసాయి సారు కిటికీ దగ్గర ఆగి, విని, తన గదికి వెళ్ళిపోయారు.

రేణిగుంట పోయినప్పుడు ప్రశాంతికి ఇలా చెప్పు. నీళ్ళొచ్చిన దినం వాళ్ళు ఇంటి దగ్గరే ఉంటారు. ఇక్కడ మేము బోర్డు తుడిచేసి పాత లెక్కలే మళ్ళీ చేసుకుంటాం.

కోమలి